కానరాని ముక్కల లెక్క



నేడు పేకాటనుగూర్చి ప్రసంగింపబోవుచున్నానని విన్నంతనే, అరుగులమీద కూర్చుండి ఈ మాటలు వినుచున్న పెద్దలలో కొందఱు కనుబొమలు ముడివేయుదురని నేనెఱుగుదును. ఆ కోపము న్యాయమైనదే. పేకాటవలన పొలము పోగొట్టుకొన్నవానిని, ఆలి మెడలోని పుస్తెలు కుదువపెట్టినవానిని ఎఱుగని గ్రామము మనలో లేదు. నేను ఆ ఆటను పొగడుటకు రాలేదు. డబ్బు ఒడ్డకుండ బుద్ధిబలముతో ఆడదగిన మఱొక ఆట కలదు. దానిపేరు బ్రిడ్జి. ఆ ఆటలో ఎదుటివాని చేత దాగియున్న ముక్కలను చూడకయే తెలిసికొను ఉపాయమొకటి యున్నది. ఆ ఉపాయమును వివరించి, అది పేకముక్కలను దాటి మా యూరి వ్యవహారమొకదానిలోనికి ఎట్లు వచ్చెనో మనవి చేయుట నా యుద్దేశము.

ముక్కలాట లన్నియు నొక్కటి కావని న్యాయస్థానములే చెప్పినవి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో పందెముపెట్టి రమ్మీ ఆడుచున్నారని పోలీసులు పట్టుకొనగా, ఆ వ్యాజ్యెము ఆంధ్రప్రదేశ ప్రభుత్వముపేర సుప్రీంకోర్టువఱకును పోయెను. 1967లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పుచు, మూడుముక్కలాట కేవలము అదృష్టముమీద నడచునది గాని, రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని, ఏది యుంచవలెనో ఏది విడువవలెనో నిర్ణయించు నేర్పే ప్రధానమని నిశ్చయించెను. రమ్మీలోని అదృష్టము బ్రిడ్జిలో ముక్కలు పంచునప్పటి అదృష్టమువంటిదేయని పోల్చి చెప్పెను. బ్రిడ్జి నేర్పుగల ఆటయనుటలో ఆ న్యాయమూర్తులకు సందేహమే లేకపోయెను. అయినను పందెము పందెమే. 2020లో మన రాష్ట్రప్రభుత్వము అంతర్జాలమున డబ్బొడ్డి ఆడు ఆటలను నిషేధించెను. 2025లో పార్లమెంటు దేశమంతటికిని అట్టి శాసనమునే చేసెను. కావున నేను చెప్పబోవు ఆటలో ఒక్క పైసయు చేతులు మాఱదని ముందుగానే విన్నవించుచున్నాను.

మాది భావనపాడు. శ్రీకాకుళము జిల్లాలో, నౌపడ ఉప్పుమళ్ల కావల, సముద్రపుటొడ్డున నున్న పల్లె. ఏటేట ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీవఱకు, అనగా 61 దినములు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పుతీరమందంతటను మరపడవల వేట నిలిపివేయుదురు. ఆ దినములలో పడవలు ఒడ్డున నుండును. వలలు బాగుచేసికొనుట ముగిసిన పిదప మనుష్యులకు ప్రొద్దు పోదు. అప్పుడు తాటిచెట్ల నీడలలో పేకముక్కలు బయటికి వచ్చును. మా యింటి అరుగుమీదకూడ వచ్చును. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. నౌపడలో రైల్వే ఉద్యోగము చేసి విరమించిన మిత్రుడొకరు నాకు బ్రిడ్జి నేర్పిరి. ఉప్పు వర్తకుడొకరు, నాతో బడిలో పనిచేసిన ఉపాధ్యాయుడొకరు మాతో కలిసిరి. నలుగురమైతిమి, ఆటకు నలుగురే కావలెను.

ముక్కలను జ్ఞాపకముంచుకొను విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. మాకు ఎగువనున్న గంజాము సీమలో గుడ్డమీద బొమ్మలు వ్రాసి, గుండ్రముగా కత్తిరించి చేసిన ముక్కలతో ఆడు ప్రాతయాట యొకటి కలదు. రంగునకు పండ్రెండు వంతున ఎనిమిది రంగులకు 96 ముక్కలుండును. ఏ ముక్క పడినది, ఏది మిగిలినది యని లెక్కపెట్టుకొనువాడే అందు గెలుచును. బ్రిడ్జియో, ఇంగ్లండులో ఆడుచుండిన విస్టు అను ఆటనుండి పుట్టి పెరిగినది. దాని నేటి రూపమును అమెరికా దేశస్థుడైన హెరాల్డు వాండర్‌బిల్టు 1925లో ఓడమీద పనామా కాలువగుండ ప్రయాణము చేయుచు ఏర్పఱచెను. ఓడమీది తీరికలో పుట్టిన ఆట, పడవలు నిలిచిపోయిన తీరికలో మా యొడ్డునకు చేరినది.

ఆట తెలియనివారికొఱకు నాలుగు మాటలలో చెప్పెదను. ముక్కలు 52. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అని నాలుగు రంగులు. రంగునకు 13 ముక్కలు. నలుగురు ఆటగాండ్రు, మనిషికి 13 ముక్కలు. ఎదురెదురుగా కూర్చున్నవారు జతగాండ్రు. ఒకరొక ముక్క వేయగా, తక్కినవారును అదే రంగు వేయవలెను. ఆ రంగు లేనివాడు మఱియొక రంగు వేయవచ్చును. నాలుగు ముక్కలలో పెద్దముక్క వేసినవానికి ఆ పట్టు దక్కును. ఇట్లు మొత్తము 13 పట్టులు. ఒక రంగు తురుపైనచో దాని చిన్నముక్కయు ఇతర రంగుల ఆసును సైతము కొట్టును.

ఆటకు ముందు పాట జరుగును. సంతలో వేలముపాట వంటిదే. ముక్కలు పంచినవాడు మొదట పాడును. బలము లేనివాడు పాస్ అనును. ఎవరు హెచ్చు పాడుదురో వారిది ఒప్పందము. ‘నాలుగు ఇస్పేట్లు’ అని పాడినచో, ఇస్పేటు తురుపుగా, ఆఱింటిమీద నాలుగు, అనగా పది పట్టులు తెచ్చెదనని ఒప్పుకొనుట. అప్పుడు ఒప్పుకొన్నవాని ఎడమచేతివైపువాడు మొదటి ముక్క వేయును. పిమ్మట ఒప్పుకొన్నవాని జతగాడు తన ముక్కలన్నియు బల్లమీద పఱచి ఊరక కూర్చుండును. ఆ పఱచిన చేతిని డమ్మీ యందురు. ఒప్పుకొన్నవాడు రెండుచేతుల ముక్కలను తానే ఆడును. తన 13, డమ్మీ 13, వెరసి 26 అతనికి కనబడును. తక్కిన 26 ఎదుటివారిద్దఱిలో ఎవరిచేత ఏవి యున్నవో కనబడవు. ఆటయంతయు ఈ కానరాని ఇరువదియాఱింటిలోనే యున్నది.

వానిని తెలిసికొనుటకు మూడు సాధనములు కలవు. మొదటిది పదమూడు లెక్క. ప్రతి రంగును పదమూడే. ప్రతి మనిషికిని పదమూడే. ఎదుటివాడొకడు అయిదు ఆఠీనులు, నాలుగు ఇస్పేట్లు కలవాడని ఆటలో తేలినదనుకొనుడు. అవి తొమ్మిది. మిగిలిన నాలుగింటిలో మూడు డైమనులు వేసినాడు. కళావరులెన్ని? ఒక్కటే. ఆ ఒక్కటియు పడినచో అతనిచేత కళావరు లేదని, తక్కినవన్నియు రెండవవానివద్ద నున్నవని చూడకయే చెప్పవచ్చును. మఱియొక చిన్నలెక్క. ఒక రంగులో ఏడు ముక్కలు ఎదుటివారివద్ద నుండి, అవి ఒకనికి అయిదు, ఒకనికి రెండుగా పోయినవని తెలిసినది. కనబడని రాణి ఎవనిదై యుండును? వేఱు ఆధారమేదియు లేనప్పుడు, అయిదు గలవానిదగుటకు అయిదుపాళ్లు, రెండు గలవానిదగుటకు రెండుపాళ్లు అవకాశము కలదు.

రెండవ సాధనము నలువది లెక్క. ఆసునకు నాలుగు, రాజునకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున విలువ కట్టుదురు. ఒక రంగులో పది. నాలుగు రంగులలో నలువది. మనవి, డమ్మీవి కూడి, నలువదినుండి తీసివేసినచో ఎదుటివారి బలము మొత్తము తెలియును. ఇది బజారులో సరకు కొని చిల్లర సరిచూచుకొనునంతటి పని. అంతకు మించినది కాదు.

మూడవ సాధనము అన్నిటికంటె సూక్ష్మమైనది. ఎదుటివాడు చేసినదానిని, అంతకంటె ముఖ్యముగా, చేయక విడిచినదానిని గమనించుట. మొదటిముక్కగా ఒక రంగులో రాజును వేసినవాని వద్ద ఆ రంగు రాణికూడ తఱచుగా నుండును. ఇది చేసినదానినిబట్టి ఎఱుగుట. కాని ఒకడు పాడవలసినచోట పాడక పాస్ అన్నచో, ఆ మౌనమునకును అర్థమున్నది. ఆ యర్థము వినుటకే పెద్ద చెవి కావలెను. నాకు ఆ చెవి లేకపోయెను. ఎట్లు లేకపోయెనో ఇప్పుడు చెప్పెదను. మీవద్ద పలకయో కాగితమో యున్నచో వ్రాసికొనుడు.

అది వేట నిలిచిపోయిన మే నెలలో ఒక సాయంకాలము. నేను దక్షిణమున కూర్చుంటిని. నా జతగాడైన రైల్వే మిత్రుడు ఉత్తరమున. సముద్రమువైపు, అనగా తూర్పున, ఉప్పు వర్తకుడు. పడమట మా ఉపాధ్యాయుడు. ముక్కలు పంచినది తూర్పు. కావున మొదటి మాట ఆయనది. ఆయన పాస్ అనెను. ఈ మాటను మఱవకుడు; నేను మఱచితిని.

నాచేత ఇస్పేటులో ఆసు, రాణి, జాకీ, తొమ్మిది, అయిదు. ఆఠీనులో ఏడు, రెండు. డైమనులో ఆసు, జాకీ, ఏడు, నాలుగు. కళావరులో ఎనిమిది, మూడు. నేను ఒక ఇస్పేటు పాడితిని. పడమట పాస్. నా మిత్రుడు మూడు ఇస్పేట్లనెను. తూర్పు మరల పాస్. నేను నాలుగు పాడగా అందఱును ఊరకుండిరి. పది పట్టులు తేవలసిన భారము నామీద పడెను.

పడమటివారు ఆఠీను పది వేసిరి. నా మిత్రుడు ముక్కలు పఱచెను. ఇస్పేటులో రాజు, పది, ఏడు, నాలుగు. ఆఠీనులో జాకీ, ఎనిమిది, ఆఱు. డైమనులో రాజు, రాణి, మూడు. కళావరులో రాజు, జాకీ, అయిదు. చూడముచ్చటయైన చేయి. డమ్మీనుండి చిన్నముక్క వేసితిని. తూర్పువారు రాణితో పట్టిరి. మరల ఆఠీను రాజు వేసి పట్టిరి. మూడవమాఱు ఆఠీను ఆసు వేసిరి. నావద్ద ఆ రంగు అయిపోయినందున తురుపుతో కొట్టితిని. రెండు పట్టులు పోయినవి. ఇంకొకటి మాత్రమే పోవచ్చును.

రెండుమాఱులు తురుపు లాగితిని. ఎదుటివారి నాలుగు ఇస్పేట్లును ఇద్దఱికి రెండేసిగా పడిపోయెను. డైమనులలో ఆసు, రాజు, రాణి, జాకీ నాలుగును మావే; అందు భయము లేదు. చిక్కంతయు కళావరులో. నాచేత చిన్నవి రెండు. డమ్మీలో రాజు, జాకీ, అయిదు. బయట ఆసు, రాణి. నేను చిన్నది వేయగా పడమటివారు నాలుగు వేసిరి. ఇప్పుడు డమ్మీనుండి రాజును వేయుటయా, జాకీని వేయుటయా? ఆసు పడమట నున్నచో రాజును వేయవలెను, అది నిలుచును. ఆసు తూర్పున నుండి, రాణి పడమట నున్నచో జాకీని వేయవలెను. తప్పు వేసినచో రెండు పట్టులు పోవును, ఒప్పందము చెడును.

నేను ఆలోచించిన విధమిది. తూర్పువారిచేత ఆఠీను ఆసు, రాజు, రాణి మూడును బయటపడినవి. ఆయనది బలమైన చేయి. బలమున్నచోటనే మఱింత బలముండును. కావున కళావరు ఆసుకూడ ఆయనదే. ఇట్లు నిశ్చయించి జాకీని వేసితిని. తూర్పువారు రాణితో పట్టి, మరల కళావరే వేసిరి. పడమటివారు ఆసు దింపిరి. నాలుగు పట్టులు పోయినవి. ఒప్పందము ఒక్క పట్టుతో చెడెను.

నా మిత్రుడు నవ్వలేదు, కోపింపలేదు. ‘మాష్టారూ, తూర్పువారు మొదట ఏమనిరి?’ అని యడిగెను. ‘పాస్ అనిరి’ అంటిని. ‘ఆఠీనులో ఆయన చూపినదెంత?’ నాలుగు, మూడు, రెండు, తొమ్మిది. ‘దానికి కళావరు ఆసు చేర్చుడు.’ పదుమూడు. ‘పదుమూడు చేతబట్టుకొని, మొదట పాడు వంతు తనకు వచ్చినప్పుడు, ఆయన పాస్ అనువాడేనా?’ నేను మాటలాడలేదు. ‘ఆసుగూడ చేతనున్నవాడు ఊరకుండునా, మాష్టారూ?’ అని ఆయన ముక్కలు పోగుచేసెను.

నలువది లెక్కయు ఆ మాటనే చెప్పుచుండెను. నాచేత 12, డమ్మీలో 13, వెరసి 25. ఎదుటివారివి 15. ఆఠీనులో తొమ్మిది కనబడినవి. మిగిలిన ఆఱును కళావరు ఆసు, రాణియే. వేఱొక చోట దాగుటకు తావే లేదు. నా తప్పు లెక్క రాకపోవుట కాదు. లెక్కవేయక ముందే తీర్పు చెప్పుట. తూర్పువారు అంత బలము చూపినారు గనుక ఇదియు ఆయనదేయని నేనంటిని. నిజమునకు, అంత చూపియు మొదట పాడలేదు గనుకనే ఇది ఆయనది కాదు. ఒకే సాక్ష్యమునుండి నేను తలక్రిందుల నిర్ణయము తీసితిని.

ఇక్కడ మూడు హెచ్చరికలు చెప్పవలెను. ఈ యూహ సత్యప్రమాణము కాదు. పదుమూడు చేతనుండియు పాస్ అను కపటి యొకడుండవచ్చును. ఏమఱుపాటున పాడనివాడు నుండవచ్చును. ఎదుటివాని స్వభావముకూడ లెక్కలోనిదే. క్రొత్త ముక్క పడినప్పుడెల్ల పాతయూహను సరిచూచుకొని, అవసరమైనచో విడిచిపెట్టవలెను. తన యూహమీద మమకారము పెంచుకొన్నవాడు ఆటలో బాగుపడడు.

రెండవది. సందేహమున్న రంగును వీలైనంతవఱకు చివరకుంచి, సందేహము లేనివానిని ముందు ఆడవలెను. పడుచున్న ప్రతిముక్కయు ఒక సాక్షి. సాక్షులందఱు చెప్పకమునుపే తీర్పు చెప్పుట ఎందుకు?

మూడవది ధర్మమునకు సంబంధించినది. ఎదుటివాడు తడబడుటను చూచి, దానినుండి ఏదైన గ్రహించుట మన యిష్టము. ఊహ తప్పినచో నష్టమును మనదే. కాని మన జతగాని ముఖము, దగ్గు, ఆలస్యము చూచి గ్రహించి లాభము పొందుటను బ్రిడ్జి నియమములు నిషేధించుచున్నవి. ఎదుటివాని ముక్కలలోనికి తొంగిచూచుటయు దొంగతనమువంటిదే. పాటలోని మాటలు, పడిన ముక్కలు, అందఱికిని సమానముగా కనబడునవి. వానినుండి మాత్రమే బుద్ధి పని చేయవలెను. ఈ ఆట గౌరవమంతయు ఈ నియమములో నున్నది.

ఇంతవఱకు ఆట. ఇక నేను మనవి చేసెదనన్న వ్యవహారము.

మా వీధిలో కొన్ని కుటుంబములవారు వేట సాగు నెలలలో కొంచెము కొంచెము సొమ్ము కూడబెట్టి, వేట నిలిచిన దినములలో పంచుకొందురు. పంతులునుగదా యని లెక్కవ్రాయు పని నాకప్పగించిరి. ఇంటింటికి పోయి సొమ్ము తెచ్చుటకు ఒక పడుచువానిని నియమించిరి. ఆ యేడు ఏప్రిల్ నెలలో పెట్టె తెఱచి లెక్కింపగా, పుస్తకములో నున్నదానికంటె నాలుగువేల రూపాయలు తక్కువగా నుండెను. ఆ కుఱ్ఱవాడు అంతకుముందు రెండు తప్పులు చేసియుండెను. ఒకమాఱు రెండువందలు పది దినములు తనవద్ద నుంచుకొని ఆలస్యముగా నిచ్చెను. మఱొకమాఱు పడవకు కొన్న డీజిలు విషయమున అబద్ధమాడెను. రెండును ఋజువైనవే. ఇంకేమి? మూడవదియు వానిదేయని అందఱు ననుకొనిరి. పెద్దలు నన్నడుగగా నేనును ఔనని తల యూపితిని. అతడు నావైపు చూచి, ‘మీరుకూడ ఆ మాటే అందురా, మాష్టారూ?’ అని వెడలిపోయెను. వేరావలు పోయెదనని ఇంటిలో చెప్పెనట. మా తీరపు పడుచువాండ్రు అనేకులు పడవలమీద కూలికి గుజరాతులోని ఆ రేవునకు పోవుచుందురు. కాని దొంగ అను పేరుతో ఊరు విడుచుట వేఱు.

బ్రిడ్జిలో ఓడిన ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఓడినందుకు కాదు. ‘ఆసుగూడ చేతనున్నవాడు ఊరకుండునా?’ అను మాట చెవిలో తిరుగుచుండెను. అప్పుడు ఒక సంగతి జ్ఞాపకము వచ్చెను. పెట్టె తెఱచిన వారములోనే ఆ కుఱ్ఱవాడు తల్లి చెవికమ్మలు కుదువబెట్టి, హెచ్చు వడ్డీకి రెండువేలు అప్పు తెచ్చెను. తల్లి వైద్యమునకని వీధియంతయు ఎఱుగును. నేనును ఎఱుగుదును. నాలుగువేలు దాచుకొన్నవాడు రెండువేలకు తల్లి చెవులు బోసిచేయునా? ఋజువైన రెండుతప్పులు చూచి మూడవదానిని అతనిమీద మోపితిని గాని, అతడు చేసిన ఈ పని ఏమి చెప్పుచున్నదో వినలేదు. బల్లమీద చేసిన తప్పునే నెలదినములముందు మనిషి విషయమున చేసియుంటిని.

అతనివద్ద లేనిచో సొమ్మెక్కడ? దీపము వెలిగించి పుస్తకము ముందు పెట్టుకొంటిని. రాబడి మొదటినుండి ఒక్కొక్క పేరు కూడుచు రాగా, తెల్లవాఱుజామున తప్పు కనబడెను. రెండిండ్లవారు ఇచ్చిన రెండేసి వేలను నేను ఒకమాఱు ఒక పుటలోను, మరల తరువాతి పుటలోను వ్రాసియుంటిని. పెట్టెలో సొమ్ము తగ్గలేదు. పుస్తకములో ఎక్కువ యున్నది. దొంగ నా కలములో నుండెను.

ప్రొద్దు పొడిచినంతనే పెద్దలను పిలిపించి, పుస్తకము తెఱచి చూపి, తప్పు నాదని చెప్పితిని. ఆ కుఱ్ఱవాని యింటికి పోయి వాకిట నిలిచి అందఱు వినుచుండగా ఆ మాటనే చెప్పితిని. వాని తల్లి ఏమియు ననలేదు; కూర్చొనుటకు పీట వేసెను. అంతకంటె నాకు శిక్ష యేమి కావలెను? వర్షములు మొదలైన పిదప అతడు వేరావలు పోవుట మానలేదు. ఇంటికి సొమ్ము కావలసియుండెను. కాని దొంగ అను పేరు వెంటబెట్టుకొని పోలేదు. మరుసటియేడు వచ్చినప్పుడు నాతో మునుపటివలెనే మాటలాడెను. సొమ్ము తెచ్చు పని మాత్రము మరల చేయనని చెప్పెను. అదియు న్యాయమే.

పెద్దలారా, గ్రామములో తగవులు మీయెదుటికి వచ్చును. గట్టు జరిగినదని యొకడు, పశువు మేసినదని యొకడు, సొమ్ము పోయినదని యొకడు వచ్చును. అందు కనబడని ముక్కలే ఎక్కువ. మునుపు తప్పుచేసినవానిమీద చేయి పెట్టుట మిక్కిలి సులభము. అట్లు చేయి పెట్టుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనుడని నా మనవి. ఆ నేరము ఇతనిదే యైనచో ఇతడు ఏమి చేసియుండవలెను? అది చేసెనా? ఈ రెండు ప్రశ్నలు నాకు న్యాయగ్రంథములు నేర్పలేదు. ఒక ఓడిపోయిన ఒప్పందము నేర్పినది.

ఈ ఆట నేర్చుటకు వయస్సు అడ్డు కాదు. 2018లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో బ్రిడ్జికి మొదటిసారిగా స్థానమిచ్చిరి. పురుషుల జంట పోటీలో మన దేశమునకు బంగారు పతకము తెచ్చినవారు బంగాళమునకు చెందిన ప్రణవ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ గారలు. అప్పటికి మొదటివారి వయస్సు 60 సంవత్సరములు, రెండవవారిది 56. పరుగు పందెములో మనము మనుమలతో పోటీ చేయలేము, ఇందు చేయవచ్చును.

కావలసినది ఒక పేకదస్తా, నలుగురు మనుష్యులు, ఒక సాయంకాలము. పందెము వలదు. మొదట కొన్నాళ్లు ఒక్క రంగును మాత్రము లెక్కపెట్టుట అలవాటు చేసికొనుడు. పదమూడింటిలో ఎన్ని పడినవి, ఎన్ని మిగిలినవి? అది కుదిరిన పిదప రెండవ రంగు. ఆ వెనుక నలువది లెక్క. తుదకు, ఎవరు ఎక్కడ ఊరకుండిరో జ్ఞాపకముంచుకొనుట. ఈ క్రమమున నేర్చినవారికి ఎదుటివాని ముక్కలు క్రమక్రమముగా తెరచాటునుండి ఇవతలికి వచ్చును.

మా యరుగుమీద ఆట నేటికిని సాగుచున్నది. ఇప్పుడు పెద్ద తీర్పు చెప్పవలసిన ముక్కవద్దకు వచ్చినప్పుడు నేను ఆగి, వ్రేళ్లమీద ఒకమాఱు లెక్కవేసికొందును. నా మిత్రుడు సముద్రమువైపు చూచుచు వేచియుండును. ఆలస్యమైనదని ఆయన ఎన్నడును అనలేదు.